కళ్ళద్దాలలో ఆస్పత్రి

మా మేనకోడలు ఈ సంవత్సరం డాక్టరీ ఆఖరు పరీక్ష ప్యాసయింది. ఈ సంగతి మన సంఘంలో చాలామందికి తెలిసినదే. మిఠాయి తిన్నవారు కూడా కొందరున్నారు. అయితే పరీక్ష ప్యాసయినంత మాత్రాన డాక్టరు అయిపోయినట్టు కాదు. ఇంకా ఒక ఏడాది హౌస్ సర్జనుగా వార్డులలో రాత్రింబగళ్ళు చాకిరీ చెయ్యాలి. ఆ చాకిరీలోకి దించేముందు కాలేజీవారు కొత్త డాక్టర్లకు కొద్దిరోజులు తర్ఫీదు ఇస్తారట. ఆ తర్ఫీదు చూడడానికి ఇంటికి ఒకరు చొప్పున రావచ్చునని పిలుపు వచ్చింది. పిల్లకు తండ్రి లేడు. మా అప్పకు మోకాళ్ళ నొప్పులు. కనుక ఆ వెళ్ళే భాగ్యం నాకు పట్టింది.

"మావయ్యా, నువ్వు తప్పకుండా రావాలి. మమ్మల్ని లేని ఆస్పత్రిలోకి పంపించి, లేని రోగికి వైద్యం చెయ్యమంటారు. నాకు భయంగా ఉంది" అని ఫోనులో చెప్పింది.

"లేని ఆస్పత్రి ఏమిటే? ఉన్న ఆస్పత్రులతోనే వేగలేక చస్తున్నాం గదా!" అన్నాను. నవ్వింది గాని, ఆ నవ్వులో జీవం లేదు. ఆఫీసులో ఒకరోజు సెలవు పెట్టి, మార్చి మొదటివారంలో బ్రహ్మపురంలో పొద్దున్నే రైలెక్కాను.

మన ఊరినుంచి భువనేశ్వరం సుమారు 165 కిలోమీటర్లు. ఆ దారి మనలో ఎరుగనివారెవరు? ఛత్రపురం దాటి, గంజాం దాటి, హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు తెల్లగా మెరుస్తూ కనిపించేసరికి జనం కుడివైపు కిటికీలకు చేరతారు. రంభ రాగానే చిలక సరస్సు. ఎడమవైపు కొండలు, కుడివైపు నీళ్ళు, మధ్యన మన రైలు. చలికాలంలో దూరదేశాలనుంచి వచ్చిన పక్షులు అప్పటికే చాలావరకు వెళ్ళిపోయాయి. ఎవరో వలపడవను ఒడ్డుకు నెట్టుకొస్తున్నారు. బాలుగాఁవ్‌లో ఎండురొయ్యల వాసన పెట్టెలోకి కూడా వచ్చింది. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టని దారి అది.

కాని నాకు మాత్రం ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా మా నాన్నగారు గుర్తుకు వస్తారు. ఆ కథ చెప్పకుండా ఈ ప్రయాణం సంగతి చెప్పడం కుదరదు. చదువరులు మన్నించాలి.

2003 డిసెంబరులో ఒక రాత్రి మా నాన్నగారికి హఠాత్తుగా ఆయాసం వచ్చింది. ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. ఊరూ పేరూ ఎందుకులెండి. రాత్రి రెండుగంటలవేళ వార్డులో ఉన్నది ఒక్క హౌస్ సర్జను. మీసం కూడా సరిగా రాని కుర్రవాడు. అతను గబగబా చీటీ రాసి నా చేతికిచ్చాడు. నేను మందుల దుకాణానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి నాన్నగారిని మంచంమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నారు. గొంతులో నీళ్ళు గురగురమన్న చప్పుడు. అంతలో ఒక ముసలి నర్సమ్మ పక్క వార్డునుంచి వచ్చి, చూసీచూడగానే ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. తెల్లవారేసరికి ఆయన లేరు.

పక్కమంచం మీద ఒక తెలుగాయన ఉండేవాడు. ఆయన తరువాత నాతో అన్నాడు: "మీ నాన్నగారు 'పడుకోలేను బాబూ, లేపండి' అని చాలాసార్లు అన్నారండీ. ఆ డాక్టరు బాబుకి మన భాష రాదు." మా నాన్నగారు ముప్పైయేళ్ళు ఒడియా వారి మధ్య ఉద్యోగం చేసి, ఒడియావారికంటె బాగా ఒడియా మాట్లాడినవారు. ఆ ఒక్క రాత్రి ఆయన నోట ఒడియా రాలేదు.

లేపి కూర్చోబెట్టి ఉంటే బతికేవారా అంటే, ఏ డాక్టరూ చెప్పలేడు. కాని ఆ కుర్ర డాక్టరుమీద నాకు కలిగిన కోపం ఇరవైయేళ్ళు దాటినా చల్లారలేదు. మెడలో గొట్టం వేసుకున్న పడుచువాణ్ణి ఎవరిని చూసినా, 'ఇతను ఎవరి నాన్నగారిమీద పని నేర్చుకుంటున్నాడో' అనిపించేది. ఇప్పుడు మా ఇంటి పిల్లే ఆ గొట్టం మెడలో వేసుకుంటున్నది. దాని భయం దానిదయితే, నా భయం నాది.

భువనేశ్వరంలో దిగి ఆటోలో కాలేజీ చేరాను. మూడో అంతస్తులో ఒక పొడుగాటి హాలు. లోపల వరుసగా మంచాలు. వాటిమీద పడుకున్నవన్నీ బొమ్మలే. కొన్నింటికి తలా ఛాతీ మాత్రమే, కొన్ని నిలువెత్తు. ఒక బొమ్మ ఊపిరి తీస్తున్నది, దాని మణికట్టు పట్టుకుంటే నాడి కొట్టుకుంటున్నది. సూదిమందు అలవాటు చేసుకోవడానికి ఉత్త చెయ్యి ఒకటి బల్లమీద పెట్టి ఉన్నది. మన ఇళ్ళల్లో బొమ్మలకొలువు చూసిన కళ్ళకు ఇది వేరేరకం కొలువు.

ఈ హాలు చివర ఒక చిన్నగది. అందులో మంచమూ లేదు, బొమ్మా లేదు. ఖాళీ. గోడకు పెద్ద టీవీ తగిలించి ఉన్నది. 'లేని ఆస్పత్రి' ఇదేనని మేనకోడలు చెప్పింది. పాఠం చెప్పే డాక్టరమ్మ ఒడియా ఆవిడ, ఇంచుమించు నా వయసుదే. ఆవిడ మా పిల్ల కళ్ళకు ఈతగాళ్ళు పెట్టుకునే అద్దాలకంటె నాలుగింతలు లావైన నల్లటి అద్దాల పెట్టె కట్టింది. రెండు చేతులలో రెండు పిడులు పెట్టింది.

ఈ యంత్రం కిటుకు నాకు అర్థమైనంతవరకు చెబుతాను. పెట్టెలో ఒక్కొక్క కంటి ముందు ఒక్కొక్క చిన్న తెర ఉన్నట్టు, రెండు కళ్ళకూ కొంచెం తేడాగా ఉన్న రెండు బొమ్మలు చూపిస్తారు. మన బుర్ర ఆ రెండింటినీ కలిపి లోతు ఉన్న గదిగా చూస్తుంది. తల ఎటు తిప్పితే బొమ్మ అటు తిరుగుతుంది. అందువల్ల గదిలో నిలబడ్డట్టే ఉంటుంది. దీనిని వర్చువల్ రియాలిటీ అంటారు. అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆయన 1968లోనే ఇటువంటిది తయారుచేశాడట. అది బరువెక్కువై ఇంటికప్పుకు వేలాడదీయవలసి వచ్చింది. ఇప్పుడు తలకు కట్టుకునేటంత చిన్నదయింది. మన భాషలో చెప్పాలంటే మయసభ.

మా పిల్లకు ఆ అద్దాలలో కనిపించేదంతా మాకు టీవీలో కనిపించింది. రాత్రివేళ అత్యవసర విభాగం. మంచంమీద ఒక ముసలాయన, మంచం తలవైపు ఎత్తి ఉన్నది, ఎగశ్వాస. పక్కన ఒక నర్సు. గోడమీద అంకెలు: ప్రాణవాయువు 88. ముసలాయన ఇంగ్లీషులో, ఊపిరి ఊపిరికీ మధ్య, తాను పడుకోలేనని చెప్పాడు. నేను ఉలిక్కిపడ్డాను.

మా పిల్ల ఖాళీగదిలో నిలబడి, లేని నర్సుతో మాట్లాడుతున్నది. గుండెకు ఈసీజీ తియ్యాలన్నది. అందుకోసం మంచం తల భాగం దించమన్నది. నర్సు దించింది. అంకె 84 అయింది, 80 అయింది. గంట మోగింది. పిల్ల చేతులు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. ఏ మందు ముందో, ఏది వెనుకో తోచక అటూ ఇటూ తిరిగింది. ముసలాయన తల వాలిపోయింది. తెర ఆగిపోయింది.

పిల్ల అద్దాలు తీసింది. మొహమంతా చెమట. నా వంక చూడలేదు. నాకూ దాని వంక చూసే ధైర్యం లేకపోయింది. ఇరవైయేళ్ళుగా నేను తిట్టుకుంటున్న పనే నా మేనకోడలు నా కళ్ళయెదుట చేసింది.

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ నింపాదిగా కుర్చీలు వేయించి కూర్చోబెట్టి, "ఏం చూశావు? అప్పుడు ఏమనుకున్నావు?" అని అడిగింది.

"అంకెలు చూశానండీ. గుండెపోటేమో, ఈసీజీ తియ్యాలి అనుకున్నాను."

"రోగి నీకొక మాట చెప్పాడు. విన్నావా?"

పిల్ల కాసేపు ఊరుకుని, "విన్నాను. కాని అది నాకు చెవిలో పడ్డది గాని బుర్రలో పడలేదు" అన్నది.

"ఎందుకు పడలేదు?"

"భయమేసిందండీ."

"భయం అందరికీ వేస్తుంది. నాకు ఇప్పటికీ వేస్తుంది. భయం వేసినప్పుడు చెయ్యి తనంతట తాను ఏం చెయ్యాలో అది ఇక్కడ అలవాటు చేసుకోవాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడు పడుకుంటే మునిగిపోతున్నట్టు ఉంటుంది. ముందు కూర్చోబెట్టు. తరువాత ప్రాణవాయువు. తరువాత సాయానికి పిలుపు. ఈసీజీ కూర్చోబెట్టి కూడా తియ్యవచ్చు" అన్నది.

మయసభలో నేల అనుకుని మడుగులో పడ్డ సుయోధనుణ్ణి చూసి నవ్వారు. ఆ నవ్వునుంచి ఎంత రభస పుట్టిందో మనకు తెలుసు. ఈ మయసభలో పడ్డవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. లేచి మళ్ళీ నడవమంటారు. తేడా అంతా అక్కడే ఉన్నది.

రెండోసారి అద్దాలు కట్టుకున్నప్పుడు మా పిల్ల మంచం తలభాగాన్ని ఇంకా ఎత్తించింది. ప్రాణవాయువు పెట్టించింది. ఒంట్లో నీటిని మూత్రంలో దించే మందు ఎంత ఇవ్వాలో నర్సుకు చెప్పి, ఆ నర్సు చేత తిరిగి చెప్పించుకున్నది. పెద్ద డాక్టరుకు ఫోను చేసింది. ఇట్లా చెప్పిన మాటను తిరిగి చెప్పించుకోవడం, సంకోచపడకుండా సాయం పిలవడం విమానాలు నడిపేవారివద్ద నేర్చుకున్న పద్ధతులట. విమానం నడపడం నేలమీదనే నేర్పే యంత్రాన్ని ఎడ్విన్ లింక్ అనే ఆర్గను వాయిద్యాలు చేసేవారి కుర్రవాడు 1929లో తయారుచేశాడు. మొదట్లో దాన్ని తిరునాళ్ళలో ఆటబొమ్మగా చూశారు. 1934లో అమెరికాలో టపా మోసే సైనిక విమానాలు వరుసగా కూలి పైలట్లు చనిపోయిన తరువాతనే ప్రభుత్వం ఆరు యంత్రాలు కొన్నది. ప్రాణాలు పోయేదాకా బుద్ధి రాకపోవడం అన్ని దేశాలలోనూ ఉన్నదే కాబోలు.

ఈసారి అంకెలు మెల్లగా పైకి వచ్చాయి. ముసలాయన డాక్టరుకు కృతజ్ఞత చెప్పాడు. లేని మనిషి చెప్పిన ఆ మాటకు మా పిల్ల కళ్ళలో ఉన్న నీళ్ళు మాత్రం నిజమైనవి.

"మీరు కూడా చూస్తారా?" అని డాక్టరమ్మ నన్నడిగింది. సరేనని కట్టించుకున్నాను. నిజంగానే ఆస్పత్రిలో నిలబడ్డాను! గోడలు, దీపాలు, మంచం, ఆ ముసలాయన. దగ్గరికి వెళ్ళాను. ఆయన ఆయాసపడుతూ నా వంక చూశాడు. ఏమీ తోచక ఆయన చెయ్యి పట్టుకోబోయాను. నా గుప్పిట్లో గాలి తప్ప మరేమీ లేదు. కళ్ళు తిరిగినట్టయి అద్దాలు తీసేశాను.

నా చెయ్యి గాలిలో మూసుకోవడం డాక్టరమ్మ చూసింది. "ఈ యంత్రానికి ఉన్న లోటు అదేనండీ" అన్నది. "ఏది ముందు, ఏది తరువాత అనే వరుస ఇది బాగా నేర్పుతుంది. ఒకే రోగిని పదిసార్లు ఇస్తుంది. కాని ఒంటి వెచ్చదనం, మనిషి బరువు ఇందులో తెలియవు. చేతిపనికి బొమ్మ కావాలి. మాటకు మనిషి కావాలి."

చేతిపనికి బొమ్మ అనేది మనకు కొత్త కాదు. సుశ్రుతసంహితలో దీనికోసం ఒక అధ్యాయమే ఉన్నది. కోత నేర్చుకోవడానికి గుమ్మడి, సొర, దోసకాయలు. కుట్టు నేర్చుకోవడానికి గుడ్డలు, తోళ్ళు. కట్టు కట్టడం నేర్చుకోవడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. శాస్త్రమంతా చదివినవాడైనా ఈ అభ్యాసం లేకపోతే పనికి తగడని ఆ పెద్దల మతం. ఇక ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం నేర్పే బొమ్మను 1960లో నార్వే దేశంలో లార్డాల్ అనే పిల్లల బొమ్మలు చేసే ఆసామీ తయారుచేశాడు. దాని మొహం, పారిస్‌లో నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఎవరో తెలియని ఒక అమ్మాయి మొహమట.

ఆ బొమ్మమీద నాచేత కూడా నొక్కించారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, 6 దాటకుండా. రెండు నిమిషాలకే నా నడుము పట్టుకున్నది. ఫైళ్ళు మోసే చేతులకు ఇది వేరే కసరత్తు.

ఇక మాటకు మనిషి. లాస్ ఏంజెలెస్‌లో బారోస్ అనే డాక్టరు 1963లో, ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోగివేషం నేర్పి విద్యార్థులముందు పడుకోబెట్టాడట. అప్పటినుంచి ఆ పద్ధతి నడుస్తున్నది. ఆ రోజు రోగివేషం వేయవలసిన మనిషి రాలేదు. డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసి, "మీరు వేస్తారా? మీకు ఒడియా వచ్చుగదా?" అన్నది.

"ఆఫీసులో అదే భాషండీ" అన్నాను. చిన్నప్పుడు బళ్ళో నక్షత్రకుడి వేషం వేసిన అనుభవం కూడా ఉన్నదని చెప్పలేదు.

మంచంమీద కూర్చోబెట్టారు. ఆయాసపడాలి, పడుకోనని ఒడియాలో చెప్పాలి. అంతే వేషం. ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. పడమటి జిల్లాల పిల్లవాడట, సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాడు. "మౌసా, ఏమయింది?" అంటూ దగ్గరకు వచ్చి, పరీక్ష చెయ్యడానికి నా భుజంమీద చెయ్యివేసి మెల్లగా వెనక్కి వాల్చబోయాడు.

నేను ఒడియాలోనే మొదలుపెట్టాను: "శోయి పారునాహి." ఆ తరువాత ఏమయిందో నాకే తెలియదు. వీపు మంచానికి తగలబోతుండగా నా నోట వచ్చిన మాట వేరు. "పడుకోలేను బాబూ, లేపండి" అన్నాను. మళ్ళీ అన్నాను. గొంతు నాది కాదు.

హాలంతా నిశ్శబ్దం. కుర్రవాడు ఆగిపోయాడు. ఆ మాట అతనికి అర్థం కాలేదు. "మౌసా, ఏమన్నారు?" అని అడిగాడు. తరువాత నా చేతుల వంక చూశాడు. మంచం అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. వెంటనే తన చెయ్యి నా వీపువెనుక పెట్టి, నన్ను నిటారుగా లేపి, తలగడ సర్దాడు. "ఇక్కడ తెలుగు వచ్చినవారు ఎవరైనా ఉన్నారా?" అని కేకవేశాడు.

మా మేనకోడలు ముందుకు వచ్చింది. నా మొహం చూసి దానికి సంగతి తెలిసిపోయింది. తాతగారి కథ అది చిన్నప్పటినుంచి విన్నదే.

తరువాత డాక్టరమ్మ ఆ కుర్రవాణ్ణి అడిగితే, "మాట అర్థం కాలేదండీ. కాని పడుకోవడానికి ఆయన ఒప్పుకోవడం లేదని తెలిసింది. ఒప్పుకోనివాణ్ణి ఎందుకు పడుకోబెట్టడం అనుకున్నాను" అన్నాడు. వాడి చెయ్యి వెచ్చదనం నా వీపుమీద అప్పటికింకా ఉన్నది.

సాయంకాలం రైల్లో తిరిగి వస్తుంటే చీకటిపడింది. చిలక కనిపించలేదు, నీళ్ళమీద పడవల దీపాలు మాత్రం అక్కడక్కడా. ఆనాటి ఆ డాక్టరును గురించి ఆలోచించాను. ఇప్పుడు అతనికీ నా వయసే ఉంటుంది. రాత్రి రెండుగంటలకు, పెద్దలు ఎవరూ దగ్గరలేని వార్డులో, భాష తెలియని ముసలాయనముందు ఒంటరిగా నిలబడ్డ ఇరవైమూడేళ్ళ కుర్రవాడు. తప్పు చేసి దిద్దుకోవడానికి అతనికి ఎవరూ ఒక ఖాళీగది ఇవ్వలేదు. మా నాన్నగారే అతనికి ఆ గది అయ్యారు. ఆయన ప్రాణం తిరిగి రాదు. నా కోపం మాత్రం ఆ రైల్లో ఎక్కడో దిగిపోయింది. ఆ రాత్రి తరువాత అతను ఆయాసపడే మనిషిని ఎవరినీ వెల్లకిలా పడుకోబెట్టి ఉండడని నాకు నమ్మకం.

చదువరులకు రెండు మనవులు. మొదటిది: ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా ఆయాసం వచ్చి, పడుకోలేకపోతే బలవంతాన పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి 108కి ఫోను చెయ్యండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ నంబరే మన ఒడిశాలోనూ పనిచేస్తున్నది. ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మను ఒక ఆదివారం మన సంఘానికి తెప్పించవలసిందని కార్యదర్శిగారిని అడిగాను.

రెండవది: మా మేనకోడలు నాకొక పని అప్పజెప్పింది. కష్టంలో మనవాళ్ళ నోట వచ్చే తెలుగు మాటలు, ఒడియా అక్షరాలలో, పక్కన ఒడియా అర్థంతో రాసి ఇమ్మన్నది. వార్డులో గోడకు అంటిస్తుందట. గుండె దడగా ఉంది, ఎడమచెయ్యి లాగుతున్నది, కళ్ళు తిరుగుతున్నాయి, కాళ్ళు తిమ్మిరెక్కాయి - ఇట్లాంటివి ఇప్పటికి ఇరవై అయినాయి. మీ ఇళ్ళలో పెద్దవారు అనే మాటలు ఇంకేమన్నా ఉంటే సంఘం చిరునామాకు ఒక కార్డు రాయండి, చేరుస్తాను.

జాబితాలో మొదటి మాట ఏదో మీరు ఊహించే ఉంటారు.